పందొమ్మిది పాయింట్ల దగ్గర మిత్రులెవరూ ఉండరు

ప్రశ్న: అన్నా, సివిలైజేషన్ 6 అనే, దేశాలను నడిపే కంప్యూటర్ ఆటను గ్యాదరింగ్ స్టార్మ్ అనే అదనపు భాగంతో ఆడుతున్నాను. నాది కెనడా. ప్రత్యర్థులు ఆరుగురు. ముగ్గురితో పొత్తు ఉంది, ఎవరి మీదా యుద్ధానికి వెళ్లలేదు. దౌత్య విజయానికి 20 పాయింట్లు కావాలి, 19 దాకా వచ్చాను. అప్పుడు ఆటలో దేశాలన్నీ ఓటేసే సభ, అంటే వరల్డ్ కాంగ్రెస్‌లో అందరూ కలిసి, పొత్తులో ఉన్నవాళ్లతో సహా, నాకు వ్యతిరేకంగా ఓటేసి 17కు దించారు. పాయింట్లు తెచ్చే స్టాచ్యూ ఆఫ్ లిబర్టీని బ్రెజిల్ ముందే కట్టేసుకుంది. నా దగ్గర 400 ఫేవర్ (అదనపు ఓట్లు కొనే దౌత్య నిల్వ) మిగిలింది. కంప్యూటర్ మోసం చేస్తోందా? పొత్తులు ఇంకా పెంచుకుంటే మారతారా? (కరీంనగర్ నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి)

జవాబు:

తమ్ముడూ, మోసం ఏమీ లేదు. పొత్తులు పెంచుకున్నా ఆ ఓటు మారదు. వాళ్లు ఓటేసింది నీ 19 పాయింట్లకు వ్యతిరేకంగా. నీ స్థానంలో ఎవరున్నా అదే జరిగేది.

ఈ ఆటలో కంప్యూటర్ నాయకుల ప్రవర్తన గమనిస్తే వాళ్లు నీ గురించి రెండు లెక్కలు రాసుకుంటున్నట్టు తెలుస్తుంది. మొదటిది సంబంధాల లెక్క. రాయబారిని పంపావు, కానుక ఇచ్చావు, వాళ్లకు నచ్చిన తీరులో నడుచుకున్నావు, సరిహద్దులో సైన్యం దించలేదు. ఇవన్నీ ప్లస్సులూ మైనస్సులుగా తెర మీదే కనిపిస్తాయి. వ్యాపారం చేస్తారా, పొత్తు పొడిగిస్తారా అన్నది దీన్నిబట్టి తేలుతుంది. రెండోది గెలుపు లెక్క: ఎవరు ఆట ముగించడానికి దగ్గరగా ఉన్నారు? కాంగ్రెస్‌లో దౌత్య విజయం తీర్మానం ముందుకు వచ్చిన క్షణాన ఈ రెండో లెక్కే పని చేస్తుంది. మొదటి పుస్తకం మూసేస్తారు. అందుకే నీ మిత్రుడు ఒక చేత్తో నీకు కాఫీ గింజలు అమ్ముతూ ఇంకో చేత్తో నీ రెండు పాయింట్లు కోసేస్తాడు, మర్నాడు మళ్లీ నవ్వుతూ పలకరిస్తాడు. అతని వైపు నుంచి ఇందులో వైరుధ్యమే లేదు.

'అందరూ కలిసి' అన్నావు. అక్కడే చాలామంది పొరపడతారు. ఆరుగురూ ఒకరితో ఒకరు మాట్లాడుకొని కుట్ర పన్నాల్సిన అవసరం లేదు. ఆరుగురికీ ఒకే నియమం ఉంది, ఆరుగురూ ఒకే పట్టిక చూస్తున్నారు, పై వరుసలో ఒకే పేరుంది. విడివిడిగా ఆలోచించినా ఒకే చోటికి వస్తారు. కంప్యూటర్ నాయకుల మీద మనం కథలు అల్లడం పాత అలవాటే. మొదటి సివిలైజేషన్‌లో ఒక లోపం వల్ల గాంధీ అణుబాంబుల పిచ్చివాడయ్యాడని ఏళ్ల తరబడి చెప్పుకున్నాం. అలాంటి లోపమేదీ లేదని ఆ ఆట రూపకర్త సిడ్ మెయర్ 2020లో తన ఆత్మకథలో తేల్చేశాడు. ఆ కథను నేనూ నమ్మకంగానే నలుగురికి చెప్పి ఉంటాను, చెప్పుకోవడానికి అంత బాగుంటుంది మరి.

ఇక అసలు విషయం. నీ 400 ఫేవర్ ఎందుకు చాలదు?

ఆధునిక యుగం నుంచి ఈ దౌత్య విజయం తీర్మానం కాంగ్రెస్‌లో వస్తుంది. 'ఏ' పక్షం నెగ్గితే ఎంచుకున్న నాయకుడికి 2 పాయింట్లు కలుస్తాయి, 'బీ' పక్షం నెగ్గితే 2 పోతాయి. ప్రతి ఒక్కరికీ మొదటి ఓటు ఉచితం. అదనంగా వేసే మొదటి ఓటుకు 10 ఫేవర్, తర్వాతి దానికి 20, ఆ తర్వాతి దానికి 30, ఇలా ధర పెరుగుతూ పోతుంది. ఈ పెరుగుదలను తేలిగ్గా తీసుకోకు, ఆటంతా దీంట్లోనే ఉంది. ఆరుగురు ప్రత్యర్థులూ తలా మూడు ఓట్లు వేశారనుకుందాం. ఒక్కొక్కరికి 10 ప్లస్ 20, అంటే 30 ఫేవర్ ఖర్చు. ఆరుగురికీ కలిపి 180. వచ్చిన ఓట్లు 18. నువ్వు ఒంటరిగా 19 ఓట్లు వేసి దీన్ని దాటాలంటే 10 నుంచి 180 దాకా మొత్తం కూడాలి: 1,710 ఫేవర్. వాళ్లు 180 పెట్టిన చోట నువ్వు 1,710 పెట్టాలి. గుంపుకు చౌక, ఒంటరికి ఖరీదు. ఈ పద్ధతిని తయారుచేసినవాళ్లు ముందున్నవాడిని ఆపడానికే ఇలా పెట్టారో లేదో గానీ, ఫలితం మాత్రం అదే.

ఇప్పుడు లెక్కను తిరగేసి చూడు. ఆ ఆరుగురి దగ్గర ఫేవర్ అసలే లేదనుకో. ఉచిత ఓట్లు ఆరే ఉంటాయి. ఏడు ఓట్లు వేయడానికి నీకు కావలసింది 210 ఫేవర్. 1,710కీ 210కీ మధ్య ఉన్న తేడా నీ మంచితనం వల్ల రాదు. కాంగ్రెస్‌కు ముందు టర్న్‌లలో (ఆట వంతుల్లో) వాళ్ల ఫేవర్‌ను నువ్వు కొనేస్తేనే వస్తుంది. ఒప్పందాల తెరలో ఫేవర్ కూడా సరుకే. బంగారానికీ, విలాస వస్తువులకూ కంప్యూటర్ దాన్ని అమ్ముతుంది. పాతిక టర్న్‌ల తర్వాత అదే ఫేవర్‌తో నిన్ను ఆపాలన్న ముందుచూపు దానికి ఉండదు. కొత్తవాళ్లు సరిగ్గా దీనికి విరుద్ధంగా చేస్తారు: చేతిలో ఫేవర్ పేరుకుంది కదా అని ప్రత్యర్థులకు అమ్మి బంగారం తెచ్చుకుంటారు. సైన్స్ విజయానికి వెళ్లేవాడికి అది మంచి వ్యాపారమే. నీ దారిలో మాత్రం ప్రత్యర్థి చేతికి కత్తి అమ్మడమే అవుతుంది.

మరి కంప్యూటర్ ఇలా ప్రవర్తించడం న్యాయమా అంటే, నా మటుకు న్యాయమే. కాజీపేటలో మా మిత్రబృందం ఎండాకాలం సెలవుల్లో ఒకే కంప్యూటర్ ముందు వంతులవారీగా ఆడేది. అక్కడ కూడా ముందున్నవాడికి ఎవరూ ఓటేసిన పాపాన పోలేదు. బయటకు వెళ్తే ఒకే బండి మీద తిరిగే ఇద్దరు ఆటలో మాత్రం ఒకరి గెలుపును ఒకరు చివరి నిమిషంలో అడ్డుకునేవారు. తెలివైన ప్రత్యర్థి కావాలని అడిగేది మనమే. తీరా తెలివిగా ఓటేస్తే నమ్మకద్రోహం అంటాం.

అన్ని ఆటలూ ఈ చిక్కును ఒకేలా విప్పలేదు. ఆ తేడాలు తెలిస్తే నీకు వేరే ఆటల్లోనూ పనికొస్తుంది.

1993 నాటి మాస్టర్ ఆఫ్ ఓరియన్‌లో గెలాక్సీ మండలి ఉండేది. జనాభాను బట్టి ఓట్లు, మూడింట రెండు వంతులు వస్తే గెలుపు. అక్కడ కంప్యూటర్ జాతులు ఇష్టాయిష్టాలను బట్టి ఓటేసేవి, లేదా తటస్థంగా ఊరుకునేవి. నీకు మూడో వంతు కంటే ఎక్కువ జనాభా ఉంటే నిన్ను కాదని ఎవరూ గెలవలేరు. తీర్పు నచ్చకపోతే ఒప్పుకోనని చెప్పే హక్కు కూడా ఉండేది, కాకపోతే ఆపైన అందరితోనూ యుద్ధమే. 1999లో వచ్చిన ఆల్ఫా సెంటారీలో సర్వోన్నత నాయకుడు కావడానికి నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి. అందులో ప్రవీణ్ లాల్ అనే మన దేశపు పేరున్న నాయకుడి వర్గానికి ఎన్నికల్లో ఓట్లు రెట్టింపు. ఓటును నేరుగా ధర పెట్టి కొనవచ్చు. మొహమాటం లేని ఆట.

సివిలైజేషన్ 4 దారి వేరు. 2005లో వచ్చిన ఆ ఆటలో నాయకుడు నీ గురించి ఏమనుకుంటున్నాడో అంకెలతో సహా కనిపించేది. నీ మీద బాగా ఇష్టం ఉంటే ఐక్యరాజ్యసమితిలో నీకే ఓటేసి, ఆటను నీ చేతిలో పెట్టి తాను ఓడిపోయేవాడు. 2007లో బియాండ్ ద స్వోర్డ్ అనే అదనపు భాగం తెచ్చిన మత సభ, అపోస్టలిక్ ప్యాలెస్‌తో ఇది మరీ సులువైంది. అందరి దగ్గరా ఆ ప్యాలెస్ మతం ఉన్న ఊరు కనీసం ఒక్కటి ఉంటే చాలు, గెలుపు తీర్మానం పెట్టవచ్చు. కిట్టనివాడి రాజ్యంలో ఒక మారుమూల ఊరికి మతాన్ని చేర్చి, మిగతా మిత్రుల ఓట్లతో మధ్యయుగంలోనే ఆట ముగించినవాళ్లు ఉన్నారు. గెలిచినవాడికే సిగ్గనిపించే గెలుపు అది.

ఆ ఆటకు ముఖ్య రూపకర్త సోరెన్ జాన్సన్. సివిలైజేషన్ 3, 4 ఆటల్లో కంప్యూటర్ ఆలోచనను రాసింది కూడా ఆయనే. 2008 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఆయన మాట్లాడిన అంశమే ఇది: ఆటలో కంప్యూటర్ ఓడిపోవడానికి ఆడాలా, గెలవడానికి ఆడాలా? ఆయన మొగ్గు మొదటిదాని వైపే. కంప్యూటర్ నాయకుడు ఒక పాత్ర పోషించాలి, స్నేహం చేస్తే స్నేహానికి విలువ ఉండాలి, ఎదుటివాడిని ఆపడానికి గుంపు కట్టడం దాని పని కాదు. వినడానికి బాగుంది. కానీ నీకు ఓటేసి తాను ఓడిపోయే స్నేహితుడి మీద గెలవడంలో రుచి ఎంత? నాకైతే ఆ రుచి ఎక్కువ కాలం నిలవలేదు.

2010లో సివిలైజేషన్ 5 రెండో ఒడ్డుకు వెళ్లింది. ఐక్యరాజ్యసమితిలో ప్రతి కంప్యూటర్ నాయకుడూ తనకు తానే ఓటేసుకుంటాడు, శత్రువు మింగేసిన తన దేశాన్ని నువ్వు విడిపించి తిరిగి ఇస్తే తప్ప. ఇక మిగిలిన ఓట్లు ఎవరివి? చిన్న చిన్న నగర రాజ్యాలవి. 60 పాయింట్ల పలుకుబడి ఉంటే అవి నీ పక్షం. పలుకుబడి బంగారంతో వస్తుంది. దాంతో దౌత్య విజయం కాస్తా డబ్బు విజయమైంది. 2013లో బ్రేవ్ న్యూ వరల్డ్ అనే అదనపు భాగం వరల్డ్ కాంగ్రెస్‌నూ, ప్రతినిధుల లెక్కనూ తెచ్చి కొంత బరువు పెంచింది గానీ, చివరి ఓటు మాత్రం నగర రాజ్యాల దగ్గరే ఆగింది. మన దగ్గర మండల పరిషత్ అధ్యక్ష ఎన్నిక ముందు ఎంపీటీసీలను క్యాంపుకు తరలించి, ఓటింగ్ రోజు దాకా ఫోన్లు కూడా చేతికివ్వని తీరు చూసినవాళ్లకు ఈ ఆట ఇట్టే అర్థమవుతుంది. సివిలైజేషన్ 5 కంప్యూటర్‌కు తెలియనిది ఆ క్యాంపు రాజకీయమే. అలెగ్జాండర్ ఆటంతా నగర రాజ్యాలను పోగుచేస్తాడు, నువ్వు వాటి జోలికెళ్తే ముఖం మాడ్చుకుంటాడు, కానీ ఓటింగ్‌కు ముందు టర్న్‌లో వాటికి కాపలా పెట్టడు. నువ్వు దాచిన బంగారమంతా ఆ ఒక్క టర్న్‌లో పంచితే, ప్రత్యర్థి తిరిగి పంచేలోపే లెక్కింపు అయిపోతుంది. గూఢచారితో తిరుగుబాటు చేయించి పక్షం మార్పించడం ఇంకో దారి, చౌక కూడా.

అంటే కంప్యూటర్ ఇష్టంగా ఓటేస్తే గెలుపు చప్పగా ఉంటుంది, అసలు వేయకపోతే దౌత్యం అన్న మాటకు అర్థం ఉండదు. సివిలైజేషన్ 6 మధ్య దారి వెతికింది. ఓటు ఒక్కసారితో ఆట ముగియదు, పాయింట్లు కొంచెం కొంచెంగా పోగవ్వాలి. 2019 ఫిబ్రవరిలో గ్యాదరింగ్ స్టార్మ్ వచ్చినప్పుడు 10 పాయింట్లు చాలేవి. అది మరీ తేలికని అదే ఏడాది 20కి పెంచారు. 2025లో వచ్చిన సివిలైజేషన్ 7 అయితే పలుకుబడిని రోజువారీ ఖర్చుగా ఉంచుకొని, దౌత్య విజయాన్నే పక్కన పెట్టి విడుదలైంది. ఆ చిక్కు తయారీదారులకూ తెగలేదని దాన్నిబట్టి నాకు అనిపిస్తుంది.

ఓరుగల్లువాడిగా ఒక్క మాట, విషయానికి కాస్త పక్కదైనా. గణపతిదేవుడు దివిసీమను గెలిచాక, అక్కడి అయ్య వంశపు ఆడపడుచులు నారాంబను, పేరాంబను పెళ్లి చేసుకొని, వాళ్ల సోదరుడు జాయపను తన గజసేనకు అధిపతిని చేశాడు. ఓడినవాళ్లు రాజ్యానికి మూలస్తంభాలయ్యారు. తర్వాత 1244లో మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకు అభయశాసనం వేయించాడు. ఓడ మునిగినా, ఒడ్డుకు కొట్టుకొచ్చినా సరుకు వాళ్లదేనని హామీ ఇచ్చాడు. ఈ ఆటలో గెలిచిన రాజ్యంతో ఇలా కలిసిపోయే వీలు లేదు. పరాయి రాజధానిని పట్టుకుంటే ప్రతి టర్న్‌లోనూ ఫేవర్ కోత పడుతుంది, మిగతా దేశాల ఫిర్యాదులు మోయాలి. కాకతీయులు ఎప్పటికైనా ఈ ఆటలోకి వస్తే వాళ్ల ప్రత్యేక శక్తి ఏమిటో నేను రాసి పెట్టుకున్నాను, అడిగేవాళ్లే లేరు.

సరే, నీ ఆట.

నీకు ఆరుగురు ప్రత్యర్థులు, 17 పాయింట్లు, 400 ఫేవర్. మామూలు వేగంలో కాంగ్రెస్ 30 టర్న్‌లకు ఒకసారి. ముందు, ఎవరి ఓటూ అవసరం లేని పాయింట్లు ఎక్కడున్నాయో చూసుకో. ఆటలో కట్టే అద్భుత కట్టడాల్లో మహాబోధి ఆలయానికి 2, పొటాలా ప్యాలెస్‌కు 1, స్టాచ్యూ ఆఫ్ లిబర్టీకి 4 వస్తాయి. ఆ నాలుగూ బ్రెజిల్ తీసుకుంది, మిగతా రెండూ ఇప్పటిదాకా ఖాళీగా ఉండి ఉంటాయని నేను అనుకోను. కానీ ఆట చివర్లో వచ్చే సీస్టెడ్స్ సాంకేతికతకు 1, గ్లోబల్ వార్మింగ్ మిటిగేషన్ అనే పౌర సంస్కరణకు 1 ఉన్నాయి. ఇవి నీ సొంతం, ఎవరూ అడ్డుకోలేరు. రెండింటినీ పూర్తి కావడానికి ఒక్క టర్న్ మిగిలేదాకా నడిపించి ఆపు. పరిశోధన వేరే దానికి మార్చినా చేసిన పని పోదు. ఎందుకు ఆపాలంటే, కాంగ్రెస్ రోజున నీ పేరు పట్టికలో ఎంత కింద ఉంటే అంత మేలు. బ్రెజిల్ గానీ ఇంకొకరు గానీ నీకంటే పైన ఉంటే ఆ కోత వాళ్ల మీదికి పోయే అవకాశం ఉంది.

ఒకవేళ కోత నీ మీదికే వస్తుందని ఖాయమైతే, నువ్వు కూడా నీకు వ్యతిరేకంగానే ఓటెయ్యి. వెటకారం కాదు. ఏ తీర్మానంలోనైనా గెలిచిన పక్షాన్నీ, గురినీ (అది ఎవరికి లేదా దేనికి వర్తించాలో ఆ పేరునూ) సరిగ్గా ఎంచుకున్నవాళ్లకు 1 పాయింటు వస్తుంది. ఎలాగూ పోయే 2 పాయింట్లలో ఒకటి అలా వెనక్కి వస్తుంది. దానికి ఉచిత ఓటు చాలు, ఒక్క ఫేవర్ కూడా ఖర్చు పెట్టకు.

ఫేవరంతా అదే కాంగ్రెస్‌లో వచ్చే మిగతా రెండు తీర్మానాల మీద పెట్టు. అక్కడ కంప్యూటర్ బలహీనత వేరే రకం. ఒక నాయకుడికి లాభం చేకూర్చే తీర్మానమైతే సాధారణంగా ప్రతివాడూ లాభం వైపే ఓటేసి, గురిగా తన పేరే పెట్టుకుంటాడు. పక్షం గెలుస్తుంది, పేర్లు మాత్రం ఆరు ముక్కలవుతాయి. అలాంటి చోట నువ్వు అదే పక్షాన నీ పేరు మీద ఆరు ఓట్లు వేస్తే గురి నీదే అయ్యే అవకాశం ఎక్కువ. ఆరు ఓట్లకు 150 ఫేవర్. రెండు తీర్మానాలకు 300. గురి నాయకుడు కాకుండా విలాస వస్తువో, భవనమో అయితే ఊహించడం కష్టం, అక్కడ ఎక్కువమంది దగ్గర ఉన్నదాన్ని చూసుకొని వెయ్యి.

లెక్క చూసుకో. 17లోంచి 2 పోతే 15. నీ మీద నువ్వు వేసిన ఓటుకు 1, మిగతా రెండూ తగిలితే 2, మొత్తం 18. తర్వాతి టర్న్‌లలో సీస్టెడ్స్, ఆ సంస్కరణ పూర్తి చేస్తే 20. ఓటింగ్ జరగని రోజున గెలుస్తావు కాబట్టి ఆపేవాడు ఉండడు. రెండింటిలో ఒకటి తప్పితే 19 దగ్గర ఆగుతావు. అప్పుడు కంగారుపడి ఫేవర్ తగలేయకు. మిగిలిన 100ను అట్టిపెట్టు, కెనడాకు పర్యాటకం నుంచి కూడా ఫేవర్ వస్తూనే ఉంటుంది. తుఫానో వరదో వచ్చి ఏదైనా దేశం సాయం అడిగే పోటీ మొదలైతే బంగారం కుమ్మరించి మొదటి స్థానం పట్టు. దానికి 2 పాయింట్లు. ఈ ఆటలో వాతావరణం వేడెక్కేకొద్దీ అలాంటివి తరచుగానే వస్తాయి.

బంగారం బాగా పోగై ఉంటే రెండో దారి కూడా ఉంది: ఇప్పటి నుంచే ఆరుగురి ఫేవర్ కొనేస్తూ వచ్చి, కాంగ్రెస్ రోజున నేరుగా నీ పక్షాన ఓటెయ్యడం. 2 పాయింట్లు కలిసి, ఓటు నెగ్గినందుకు ఇంకొకటి వస్తే 17 నుంచి ఒక్కసారిగా 20. కాకపోతే వాళ్లందరి దగ్గరా ఫేవర్ అడుగంటితేనే ఇది కుదురుతుంది. కాంగ్రెస్‌కు ముందు టర్న్‌లో ఒప్పందాల తెర తెరిచి ఒక్కొక్కరి దగ్గర ఎంత మిగిలిందో చూసుకో. ఇద్దరి దగ్గర వందలు కనిపించినా ఈ దారి వదిలేసి మొదటి దానికి వచ్చేయ్. ఇంకో విషయం, బ్రెజిల్‌కు ఈలోపు ఫేవర్ అమ్మవద్దు. ఆ దేశానికి విగ్రహం వల్ల వచ్చిన నాలుగు పాయింట్లు ఎలాగూ ఉన్నాయి.